చేయి అడ్డం పెట్టేదాకా

వృద్ధాశ్రమాల్లో కొత్తగా పనికి చేరే నర్సమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, బీపీ, షుగరు చూడటం వచ్చు. మంచాన పడ్డవాళ్ళని తిప్పి పడుకోబెట్టడం వచ్చు. ఇంకేం నేర్చుకోవాలి?" అని అడుగుతారు. అన్నం వడ్డించడం నేర్చుకోండి అంటాను. మర్యాద కోసం తలూపుతారు గానీ, ఈవిడకి చాదస్తం మొదలైందని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఈ సంగతి రాసిపెడుతున్నాను. చాదస్తమో కాదో చదివాక మీరే చెప్పండి.

ఆసుపత్రి ఉద్యోగం అయిపోయాక, ఇంట్లో కూర్చోలేక, బందరు దగ్గర ఒక ఆశ్రమంలో సిస్టర్ ఇన్‌చార్జిగా చేరాను. నా ఉద్యోగ జీవితం చివరి మజిలీ అదే. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, ఒంటరిగా ఉండలేనివాళ్ళు అక్కడ ఉండేవారు. నలుగురు పెద్దమనుషులు కలిసి పెట్టిన ట్రస్టు అది. దాని సెక్రటరీగారు పామిడిముక్కల వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి బందరులో వ్యాపారం చేసుకుంటున్న మనిషి. చాలా మంచివారు. ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలనేవారు. పొద్దున వేసుకున్న ఇస్త్రీ చొక్కా సాయంత్రానికి కూడా నలగకుండా ఉండేది, అదెలాగో నాకిప్పటికీ తెలియదు.

ఇంక మా వంటాయన. గుడివాడ మనిషి. పెళ్ళిళ్ళకు వండి వండి మోకాళ్ళు అరిగిపోయాక మా దగ్గర కుదురుకున్నాడు. వంట అమోఘం, కోపం అంతకన్నా అమోఘం. పప్పులో ఉప్పు తగ్గిందని ఎవరైనా అన్నారో, ఆ పూటంతా ఆయన నోరు తెరిచేవాడు కాదు, గిన్నెలు మాత్రం తెగ మోగేవి.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక వీడియో వచ్చింది. ఎవరినో చూడటానికి వచ్చిన బంధువొకాయన, భోజనాలయ్యాక డ్రమ్ములో పారేసిన అన్నాన్ని ఫోనులో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద పెద్ద ఉపన్యాసం. సెక్రటరీగారికి తల కొట్టేసినట్టయింది. వెంటనే మీటింగు పెట్టారు. అప్పటిదాకా బల్లల వెంట బకెట్లు పట్టుకుని తిరుగుతూ వడ్డించేవాళ్ళం. ఇకనుంచి గళ్ళ స్టీలు ప్లేట్లలో, అందరికీ ఒకే కొలతగా, వంటగదిలోనే సర్దేసి ఇవ్వాలన్నారు. తర్వాత వడ్డించే అమ్మాయి ఒకసారి వచ్చి, "ఇంకా కావాలాండీ?" అని మర్యాదగా అడగాలి. కావాలన్నవాళ్ళకే వెయ్యాలి. ఎవరినీ బలవంతం చెయ్యకూడదు.

ఎంత నాగరికంగా ఉందో అనుకున్నాం. నేనైతే చప్పట్లు కూడా కొట్టాను. వారం తిరక్కుండానే డ్రమ్ము ఖాళీ అయింది. సెక్రటరీగారు ఆ ఖాళీ డ్రమ్ముని ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టి, రెండు రోజులు హాయిగా ఉన్నారు.

మా దగ్గర నెలనెలా అందరి బరువూ చూసేవాళ్ళం. ఆ వేసవిలో చాలామంది తగ్గారు. ఎండలు కదా, తిండి సహించదులే అనుకున్నాం. వానలు పడ్డాయి, కాలవలకి నీళ్ళొచ్చాయి, నాట్లు కూడా మొదలయ్యాయి. మావాళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ తగ్గింది కోడూరు మామ్మగారు.

కోడూరు మామ్మగారంటే దివిసీమలో పెద్ద వ్యవసాయం, పెద్ద సంసారం చేసిన మనిషి. పిల్లలు లేరు. తుంటి ఎముక విరిగాక, దగ్గరుండి చూసుకునే వీలు లేక మేనల్లుడు తెచ్చి చేర్చాడు. వచ్చిన కొత్తలో వాకరు పట్టుకుని వరండా అంతా తిరుగుతూ అందరి మీదా పెత్తనం చేసేది. అలాంటి మనిషి రవికలు భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయింది. వాకరు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, కాగితాలు తిరగేసి, "జబ్బేం లేదు సిస్టర్. ఒంటికి తిండి చాలట్లేదు, అంతే. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుంది" అన్నారు.

నేను ఆవిడ మంచం మీద కూర్చున్నాను.

"మామ్మగారూ, ఆకలి వెయ్యట్లేదా?"

"ఎందుకెయ్యదమ్మా, ఏస్తంది."

"మరి తినొచ్చుగా?"

"తింటన్నాగా. పెట్టిందంతా తింటన్నా."

అది నిజమే. ప్లేటు కడిగినట్టు ఉండేది. ఆ తర్వాత అమ్మాయి వచ్చి "ఇంకా కావాలాండీ?" అంటే మాత్రం, "వద్దమ్మా, సరిపోద్ది" అనేది. ఆకలి ఉండీ వద్దంటోందంటే వంట నచ్చడం లేదన్నమాట, మొహమాటానికి చెప్పడం లేదన్నమాట. మేమందరం కలిసి తేల్చిన సంగతి అదీ. ఇంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి కూర్చుంటే ఇలాంటివే తేలుతాయి.

ఇక మొదలుపెట్టాం. కొత్త బియ్యం మానేసి పాత బియ్యం తెప్పించాం. పళ్ళ డాక్టరుని పిలిపించాం. కారం తగ్గించాం, నాలుగు రోజులాగి పెంచాం. దివిసీమ మనిషి కదా అని బొమ్మిడాయి చేపల పులుసు పెట్టించాం. దాన్నీ పెట్టినంత తిని, వేలు కూడా నాక్కుని, "ఇంకా కావాలాండీ" అంటే "వద్దమ్మా" అంది. మార్పు మార్పుకీ వంటాయన మొహం మాడిపోతోంది.

"నా చేతి వంట తిని పెళ్ళివారు లేవలేక లేవలేక లేచేవారండీ. ఇప్పుడు పత్యం కూడు వండమంటన్నారు నన్ను" అని గరిటె గోడకేసి కొట్టినంత పని చేశాడు.

అంతలో మామ్మగారి మేనల్లుడు చూడటానికి వచ్చాడు. ఆవిణ్ణి చూసి, అక్కడ ఏమీ అనకుండా బయటికెళ్ళి, సెక్రటరీగారికి ఫోన్ చేసి, "మా అత్తని పస్తులు పెడతన్నారా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకి సెక్రటరీగారు నిర్ణయం తీసేసుకున్నారు. వంటగది మూసేద్దాం. బందరులో పేరున్న కేటరింగ్ వాళ్ళ దగ్గర్నుంచి వేడివేడిగా డబ్బాల్లో భోజనం వ్యానులో వస్తుంది. పైనెల నుంచి మొదలు. ముందొక రోజు వాళ్ళ భోజనం తెప్పించి, కమిటీ అంతా కూర్చుని చూసి, ఖాయం చేసేద్దామన్నారు.

నేను వంటగదిలోకి వెళ్ళేసరికి వంటాయన పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు. అదే నాకు భయమేసింది.

"పని పోద్దని కాదు సిస్టర్‌గారూ. ఎక్కడో అక్కడ వండుకుంటాను. నా చేతి కూడు తినలేక ఒక పెద్దావిడ చిక్కిపోయిందన్న మాట మోసుకుని పోవాలి చూడండి, అది నావల్ల కాదు" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆవిడకి అసలేం ఇష్టమో ఇంట్లోవాళ్ళనే అడుగుదామని మర్నాడు పొద్దున్నే కోడూరు బయల్దేరాను. తొందరలో టిఫిను తినలేదు. అవనిగడ్డలో బస్సు మారి, దిగాక ఆటో ఎక్కి, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మేనల్లుడు ఊళ్ళో లేడు. ఆయన భార్య, చురుకైన మనిషి, నేనెవరో చెప్పగానే ముందు మొహం ముడుచుకుని, తర్వాత ఇంటికొచ్చిన మనిషిని ఎలా పంపిస్తానన్నట్టు కంచం పెట్టేసింది.

ఆ భోజనం నేను జన్మలో మరిచిపోను. పొగలు కక్కే అన్నం, కొరమీను పులుసు, మామిడికాయ పప్పు. ఆకలికి గబగబా తినేశాను. ఆవిడ హస్తం గరిటెతో అన్నం తీసి, "వేసుకోండి" అంటే, "అయ్యో, చాలండీ, చాలు" అన్నాను. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను మోగింది. చెరువు దగ్గర కరెంటు పోయిందట, ఏరేటర్లు ఆగిపోయాయట, జనరేటరు పట్టుకోవడం లేదట. రొయ్యలకి గాలి అందకపోతే పంట మొత్తం పోతుంది. ఆవిడ ఆ హస్తం చేత్తో పట్టుకునే, ఫోనులో కేకలేస్తూ పెరట్లోకి పరుగెత్తింది.

నేను ఖాళీ కంచం ముందు కూర్చున్నాను. పులుసు గిన్నె మూత తెరిచే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. పరాయి ఇంట్లో గిన్నెలో చెయ్యి పెడతామా? కంచంలోనే చెయ్యి కడుక్కుని లేద్దామంటే కడుపు ఒప్పుకోవడం లేదు. కేకేసి "ఏవండీ, ఇంకాస్త అన్నం పెట్టండి" అందామంటే నోరు రావడం లేదు. ఎండిపోతున్న చేయి అలాగే గాలిలో పెట్టుకుని, గోడ మీద క్యాలెండరు చూస్తూ, చాలన్నదాన్ని ఇంకా ఎందుకు కూర్చున్నానా అని ఆలోచించాను. ఎందుకంటే ఆవిడ మళ్ళీ వేస్తుందని. నేను చాలంటాను, ఆవిడ అదేంటండీ అంటుంది, నేను వద్దు వద్దంటుండగానే వేస్తుంది, నేను తింటాను. మా నాన్నగారు పల్లెటూరి పాస్టరు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ప్రేమవిందు బంతుల్లో చిన్నప్పటి నుంచీ నేను తిన్నదీ, వడ్డించిందీ అలాగే. చాలన్న మాట ఇక్కడ భోజనానికి ముగింపు కాదు, మొదటి వాయికీ రెండో వాయికీ మధ్య ఒక మర్యాద.

అప్పుడు వెలిగింది నాకు. మా ఆశ్రమంలో అంతమంది రోజూ పూటపూటా ఇలాగే కూర్చుంటున్నారు. మా అమ్మాయిలు ఎంతో మర్యాదగా అడిగి, వాళ్ళ మాటని గౌరవించి, బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోతున్నారు.

ఇంటావిడ తిరిగొచ్చి నన్ను చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, ఖాళీ కంచంతో కూర్చోబెట్టేశానా! మా పెద్దత్తయ్య చూస్తే నన్ను చంపేసేది!" పెద్దత్తయ్య అంటే మా మామ్మగారే. అన్నం, పులుసు వేస్తూనే చెప్పుకుపోయింది. "నాట్లప్పుడు కూలోళ్ళందరికీ ఆవిడే నిలబడి వడ్డించేదండీ. నేను కాపరానికొచ్చిన కొత్తలో, చాలన్నారత్తయ్యా అని వచ్చేస్తే ఎంత తిట్టిందో. చాలంటే వచ్చేస్తావా? చెయ్యి అడ్డం పెట్టారా? పెట్టలేదుగా, పో, వెళ్ళి వెయ్యి అనేది."

నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, తింటున్నాను. ఆవిడ నా వంక కొంచెం అనుమానంగా చూసింది.

ఆ సాయంత్రమే మామ్మగారి దగ్గరికెళ్ళాను. "మామ్మగారూ, ఇంకొంచెం పెట్టమని అడగొచ్చుగా?" అన్నాను. కొంగు సవరించుకుంది. "అన్నం పెట్టమని అడగటం నాకు చేతకాదమ్మా. పెట్టటమే ఎరుగుదును" అంది. అప్పుడే ఒక కంచం తెచ్చి వడ్డించాను. ఆవిడ వద్దంటూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను, ఆవిడ తింటూనే ఉంది.

వంటాయనకి చెప్పాను. అంతా విని, "అయితే నా వంటలో లోపం లేదంటారు" అన్నాడు. లేదన్నాను. "ఆ సంగతి నాకు ముందే తెలుసండి" అని లేచి పొయ్యి వెలిగించాడు. నిన్నటి మనిషి ఏమైపోయాడో మరి.

సెక్రటరీగారు మాత్రం కదల్లేదు. "సిస్టర్, అది మీ సెంటిమెంటు. వద్దన్నవాళ్ళకి వెయ్యడం పద్ధతేనా? డ్రమ్ము సంగతి మర్చిపోయారా? కేటరింగ్ వాళ్ళకి మాటిచ్చేశాను" అన్నారు. అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు. అందుకే వాదించడం కష్టమైంది.

ఆ రోజు రానే వచ్చింది. వ్యాను దిగింది. డబ్బాలు తళతళలాడుతున్నాయి, మూత తీస్తే ఘుమఘుమ. కేటరింగాయన పెద్దమనిషి, వంకపెట్టడానికి లేదు. సగం బల్లలకి ఆ డబ్బాలు, సగం బల్లలకి మా ప్లేట్లు పెట్టాం. కమిటీవాళ్ళు వరసగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. డబ్బాలు అందినవాళ్ళు తిన్నారు. మూతలు పెట్టేశారు. "ఎలా ఉందండీ?" అని కేటరింగాయన అడిగితే "బానే ఉంది బాబూ" అన్నారు. "ఇంకా కావాలా?" అంటే "వద్దు బాబూ" అన్నారు. చూశారా, ఎంత తేలిగ్గా అయిపోయిందో అన్నట్టు సెక్రటరీగారు నా వంక చూశారు.

మా వైపు వడ్డించే అమ్మాయిల్లో ఒకమ్మాయి నిజంగానే రాలేదు ఆ రోజు. దేవుడు అప్పుడప్పుడు చిన్న చిన్న సాయాలు చేస్తుంటాడు. నేను పప్పు బకెట్టు తీసుకెళ్ళి సెక్రటరీగారి ముందు పెట్టాను. "మనిషి తక్కువైందండీ. ఈ బల్ల వరకూ మీరు చూడాలి."

ఆయన అటూ ఇటూ చూశారు. కమిటీ అంతా చూస్తోంది, కాదనలేరు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచారు. మామ్మగారి దగ్గరికొచ్చి, పద్ధతి ప్రకారం, "ఇంకా కావాలాండీ?" అన్నారు.

"వద్దు బాబూ, సరిపోద్ది."

ఆయన బకెట్టు ఎత్తారు.

"సర్, మీ ఇంట్లో పెళ్ళి బంతిలో అయితే ఇలాగే వెళ్ళిపోతారా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆయన ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి, ప్లేటు వంక చూశారు. మామ్మగారి ఎడం చేయి ఒళ్ళో ఉంది. కుడి చేయి ప్లేటు అంచున ఉంది. అడ్డం లేదు.

"అదేంటత్తయ్యా" అన్నారు. గొంతే మారిపోయింది, అది మీటింగుల్లో మాట్లాడే గొంతు కాదు. "చాలంటే ఎట్టా? దోసకాయ పప్పు. నేను వేస్తే వద్దంటారా?"

"అయ్యో, ఎందుకు బాబూ..."

గరిటెడు పప్పు పడింది. వెనకాలే అమ్మాయి అన్నం వేసింది. మామ్మగారు కలుపుకుంటూ తలెత్తి, "ఏ ఊరు బాబూ మీది?" అంది. "పామిడిముక్కల దగ్గరండీ." "ఆ వైపు మినుములు బాగా పండేయి" అంది. ఆయన మినుముల గురించి చెబుతూ ఇంకో గరిటె వేశారు. పక్కాయన దగ్గరికెళ్ళారు. ఆ పక్కావిడ దగ్గరికెళ్ళారు. "బాబాయ్, అంతేనా మీ తిండి?" "పిన్నిగారూ, నెయ్యి వెయ్యలేదు మీకు, ఉండండి." మా బల్లలు అయ్యాక ఆగలేదు, డబ్బాల బల్లలకీ వెళ్ళారు. మూతలు పెట్టేసుకున్నవాళ్ళు వద్దు వద్దంటూనే మూతలు తీశారు. చొక్కా మీద పప్పు మరక పడింది. ఆయన చూసుకోలేదు. కమిటీ పెద్దలు ఇద్దరు లేచి పెరుగు, పులుసు అందుకున్నారు. వంటగది గుమ్మంలో వంటాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

పెరుగన్నం దగ్గర సెక్రటరీగారు మళ్ళీ మామ్మగారి దగ్గరికొచ్చారు. ఈసారి ఆవిడ రెండు అరచేతులూ ప్లేటు మీద పరిచేసి, ఒళ్ళంతా ముందుకు వంచేసి, ఫక్కున నవ్వింది. "ఇంక చాల్రా నాయనా, నన్ను చంపేస్తావా ఏంటి!"

ఆయన వెంటనే ఆగారు. బకెట్టు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

కేటరింగాయన మొహం చిన్నబుచ్చుకుని, "మా కూర బాలేదాండీ?" అని అడిగాడు. "కూర చాలా బాగుందండీ. మీ డబ్బా కొసరి వడ్డించదు కదా, అదే ఇబ్బంది" అన్నారు సెక్రటరీగారు. ఆ రోజు డ్రమ్ములో పడింది కరివేపాకు, మునక్కాయ పిప్పి తప్ప పెద్దగా లేదు. చెయ్యి అడ్డం పెట్టగానే ఆపితే అన్నం వృథా కాదని అప్పుడు అర్థమైంది అందరికీ. అంతకుముందు డ్రమ్ము నిండిందంటే వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టినా మేం వేసెయ్యడం వల్లే.

వంటగది నిలిచింది. గళ్ళ ప్లేట్లు సాయంత్రం పకోడీలకి పనికొచ్చాయి. అందరూ బాగుపడ్డారని చెబితే అబద్ధం అవుతుంది. ముదినేపల్లి నుంచి వచ్చిన ఒక తాతగారికి నిజంగానే లోపల జబ్బు ఉంది, ఎంత కొసరినా నిలవలేదు. షుగరువాళ్ళకి అన్నం కొసరం, కూర, మజ్జిగ కొసరుతాం. చెయ్యి లేపలేనివాళ్ళకి కళ్ళు చూసి ఆపాలి, ఓపిక కావాలి. ఇవన్నీ మెల్లమెల్లగా నేర్చుకున్నాం. మామ్మగారి రవికలు మాత్రం మళ్ళీ భుజాల మీద నిలబడ్డాయి, దాంతోపాటే ఆవిడ పెత్తనమూ వచ్చేసింది. వడ్డించే అమ్మాయిలకి ఆవిడే హెడ్మాస్టరు. వంటాయన ఇప్పటికీ, ఆవిడ తన పులుసు వల్లే కోలుకుందని చెప్పుకుంటాడు. ఎవరూ కాదనరు, గిన్నెలతో ఎవరు పడతారు.

మొన్నీమధ్య చూసి వద్దామని వెళ్ళాను. భోజనానికి కూర్చోమన్నారు. మామ్మగారి పక్కన కూర్చున్నాను. నాకిప్పుడు వాళ్ళ వయసు దగ్గరపడుతోంది, ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ నన్ను వేరు చేసి చూడరు. వడ్డించేది ఎవరో కొత్త పిల్ల, నేనెవరో తెలియదు. మొదటి వాయి తిన్నాక వచ్చింది. "ఇంకొంచెం అన్నం?" అంది.

"చాలమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూడలేదు. నా చెయ్యి చూసింది. చెయ్యి ఒళ్ళోనే ఉంది. హస్తం నిండా అన్నం తీసి వేసి, పక్కనే మామ్మగారి వంక తిరిగింది, సరిగ్గా వేశానా అన్నట్టు. మామ్మగారు నా కంచంలోకి తొంగి చూసి, "పులుసేదే, పులుసు పొయ్యి" అంది.